లంగరు మోగిన చోట

పలాస,
12 సెప్టెంబరు 2022.

నాన్నా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిల్చుని చదివితే పడిపోతావు. మన గవ్వలపేట ఉప్పుటేరు మీద వంతెన శాంక్షన్ అయింది. సర్వే ఎవరిదనుకున్నావు? నాది! నీ కూతురిది!

ఆర్ అండ్ బి లో ఏఈగా చేరి ఏడు నెలలైంది. ఇన్నాళ్లూ గుంతలు పూడ్పించడం, రోడ్డుకి అడ్డంపడ్డ కొమ్మలు కొట్టించడం, కల్వర్టు గోడలకి సున్నం వేయించడం, ఇదే పని. మొన్న మా డీఈ ఇందుమతి మేడమ్ ఫైలు నా బల్ల మీద పెట్టి, "గవ్వలపేట మీ ఊరేగా? మీ ఊరని ఇవ్వడం లేదు. ఆ ఇసకలో బూట్లు లేకుండా నడిచే ఇంజినీరు నువ్వొక్కదానివే" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిన్న రేవు దగ్గర లెవెల్ మిషను నిలబెట్టాను. అక్కడైతే ఏరు సన్నం, ఖర్చు తక్కువ, రోడ్డుకి తిన్నగా కలుస్తుంది. గుర్తుకి పన్నెండు కర్ర పెగ్గులు కొట్టించి ఎర్ర రంగు పూయించాను. ఊరంతా చుట్టూ మూగారు. అమ్మ డయాలసిస్ నుంచి అప్పుడే దిగింది. నడుం పట్టుకుని ఆటో పక్కనే నిలబడి, "అయితే ఆటో తిన్నగా మన గుమ్మం కాడికే వచ్చేత్తాదేటే?" అంది. వచ్చేస్తుందన్నాను. ఇప్పుడు పలాస ఆసుపత్రికి ఏరు చుట్టి ఇరవయ్యొక్క కిలోమీటర్లు. వంతెన పడితే తొమ్మిది! వారానికి మూడుసార్లు ఆ గుంతల్లో పడి వెళ్లేది అమ్మ ఒక్కతే కాదు, మన పేటలోనే పద్నాలుగు మంది.

ఫోన్ చేస్తే నువ్వు "తిన్నావా, బాగున్నావా" అని పెట్టేస్తావు. వేటకి వెళ్తే ఇరవై రోజులు అదీ లేదు. నేను మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ మనకి అలవాటైన ఈ ఉత్తరాలే మేలు. ఇది చదివి బోటులో అందరికీ చెప్పు. బిగ్గరగా చెప్పు.

గాల్లో తేలుతున్న నీ
ఉమ


వెరావల్ రేవు, గుజరాత్,
3 అక్టోబరు 2022.

అమ్మా ఉమకి, సన్యాసయ్య దీవించి రాయునది.

వేట నుంచి నిన్న ఒడ్డుకొచ్చాం. షెడ్డులో నీ ఉత్తరం ఉంది. నువ్వు చెప్పినట్టే కూర్చుని చదివాను, అయినా పడ్డంత పనైంది. బిగ్గరగా చదవమన్నావు. నాలుగుసార్లు చదివించారు. మా తండేలు, అంటే బోటు మొత్తానికి పెద్ద, టీ అందరికీ తనే పోయించాడు. సేటుకి వచ్చీరాని హిందీలో చెప్పాను. ఏం అర్థమైందో గానీ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

కాని ఒక ముల్లు గుచ్చుకుంది, అది తీయాలి. రేవు దగ్గర గట్టు రెండు పక్కలా పల్లం. రోడ్డుకి తిన్నగా కలుస్తుందని రాశావు కాబట్టి వంతెన కూడా పల్లంగానే ఉంటుంది. మన బోట్లు నలభై, అన్నీ రేవుకి పైన కట్టి ఉంటాయి. సముద్రంలోకి పోవాలంటే ఆ వంతెన కింద నుంచే పోవాలి. నువ్వు కొలిచిన వేళ ఆటుకి నీళ్లు తీసి ఉంటాయి. పున్నమి పోటు ఎక్కితే ఆ ఏరు ఎలా పొంగుతుందో నీకు తెలియదా? అప్పుడు అది వంతెన కాదమ్మా, మన ఏటికి గొళ్లెం. రోడ్డు మనకి ఒక కాలైతే ఏరు రెండో కాలు. ఒకటి కట్టించడానికి రెండోది తీయించుకోకూడదు.

ఆలోచించు. పేటకి పెద్ద కాబట్టి మీ పోలారావు మావకి కూడా ఒక ముక్క రాసి ఇదే డబ్బాలో వేశాను. ఎల్లుండి మళ్లీ వేటకి పోతున్నాం.

మీ అమ్మ కాళ్ల వాపు ఎలా ఉంది? అది నువ్వు రాయలేదు.

మీ నాన్న
సన్యాసయ్య


పలాస,
19 అక్టోబరు 2022.

నాన్నకి,

నీ ఉత్తరం పన్నెండో తేదీన అందింది. చదివిన గంటలో డీఈ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. నీ మాట నిజమేనని, ఎత్తు మళ్లీ చూడాలని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు కూడా. ఆ సంతోషంలో, నువ్వు పోలారావు మావకి రాసిన "ఒక ముక్క" ఏమిటో అడగాలని నాకు తోచలేదు.

నిన్న తెలిసింది. మట్టి పరీక్షకి బోరింగ్ మిషను లారీ మీద వచ్చింది. రేవు దగ్గర ఊరంతా అడ్డం నిలబడ్డారు. నేను కొట్టించిన పెగ్గులు టీ పొయ్యిలో మండుతున్నాయి. పోలారావు మావ జేబులోంచి నీ ఉత్తరం తీసి, కళ్లజోడు పెట్టుకుని, నా ఎదుటే, మా వర్కర్ల ఎదుటే చదివాడు. "వంతెన మన బోట్లకి అడ్డం. ఒక్క పెగ్గు కూడా ఉండనియ్యకు." చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ అయ్యే వొద్దని రాసినాడు. ఇంకెవుల్ని అడగాలమ్మా మేము?"

చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకున్న మనుషులే నాన్నా వాళ్లంతా. డ్రైవరు లారీ వెనక్కి తిప్పుకున్నాడు. మిషను మన దగ్గర ఉండేది నవంబరు అయిదు వరకే, తర్వాత ఇచ్ఛాపురం వైపు పోతుంది. ఈలోగా మట్టి రిపోర్టు పంపకపోతే ఫైలు వెనక్కి పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

నాకు ముల్లు అని రాశావు. ఊరికి గునపం రాసి పంపావు. నా జవాబు కోసం ఆగలేకపోయావా?

అమ్మ కాళ్ల వాపు అలాగే ఉంది.

ఉమ,
ఏఈ, ఆర్ అండ్ బి శాఖ


వెరావల్,
24 అక్టోబరు 2022.

బంగారు తల్లికి,

ఇవాళ పొద్దున్నే ఒడ్డుకొచ్చాం. నీ ఉత్తరం ఏదీ లేదు. పని మీద ఉండి ఉంటావు. ఉండు, నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. ఈసారి పడిపోయేది నువ్వు!

పదో రోజున సముద్రంలో లంగరు వేశాం. అది బురదలో దిగింది, చప్పుడు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మా అయ్య మన ఏట్లో లంగరు వేస్తే ఎక్కడైనా ఇలాగే మెత్తగా దిగిపోయేది. ఒక్క చోట మాత్రం టంగుమని మోగేది! "కింద రాయుందిరా, తాడు తెగుతాది" అని అక్కడ ఆపనిచ్చేవాడు కాదు. నలభై ఏళ్లు ఆ చోటుని తప్పించుకునే తిరిగాను. అమ్మా, పడవకి పనికిరాని చోటు వంతెనకి పనికొస్తుందా, లేదా? నువ్వే చెప్పాలి. నాకు ఆ చదువు లేదు.

ఈ కాగితం వెనక బొమ్మ గీశాను. అవతల మొగలి పొదల దగ్గర మొదలుపెట్టి ఇవతల జీడితోట మూల దాకా గీత చూడు. గీత మీద అంకెలు లోతులు, బారల లెక్కన. అక్కడ గట్టు రెండు పక్కలా ఎత్తే. వంతెన దానంతటదే ఎత్తులో కూర్చుంటుంది, బోట్లు కింద నుంచి పోతాయి. ఏరు కొంచెం వెడల్పే, ఏం చేస్తాం.

నవంబరు ఎనిమిది కార్తీక పున్నమి. ఆ పోటుకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నీ కొలత కర్రతో కొలిపించు. తీసిన నీళ్లు కొలిస్తే ఏరు అబద్ధం చెబుతుంది.

తెడ్డు పట్టే చేతితో పెన్సిలు పట్టాను, గీత వంకరగా ఉంటే నవ్వుకో.

నాన్న


పలాస,
10 నవంబరు 2022.

నాన్నా! నాన్నా! నాన్నా!

పందొమ్మిదో తేదీన నేను రాసిన ఉత్తరం ఇంకా నీ చేతికి రాకపోతే దాన్ని చదవకు. చింపి సముద్రంలో వేసేయ్. చదివేసి ఉంటే, నన్ను క్షమించు.

నీ బొమ్మ మూడో తేదీన అందింది. మిషను వెళ్లిపోవడానికి రెండు రోజులే గడువు. తిన్నగా పోలారావు మావ ఇంటికి పోయాను. తలుపు తీసి నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నీ బొమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఇది సన్నేసి గీతే" అన్నాడు. లంగరు భుజాన వేసుకుని, "రా" అన్నాడు.

ఇద్దరం పడవలో పోయాం. మొదటిసారి వేస్తే బురద. రెండోసారీ బురదే. మావ నీ బొమ్మని అటూ ఇటూ తిప్పి, పడవని ఇంకో రెండు బారలు తోసి, మూడోసారి విసిరాడు.

టంగ్!

"ఇన్నావేటి? ఇన్నావేటమ్మా!" అని ముసలాయన పడవలో ఎగిరాడు. పడవ బోర్లాపడేదే! మళ్లీ వేశాడు, మళ్లీ మోగింది. ఒడ్డున ఆడవాళ్లు కేకలు. ఆ సాయంత్రానికి మిషను అక్కడ దిగింది. లారీ ఇసకలో కూరుకుపోతే, పెగ్గులు పీకిన చేతులే కొబ్బరిమట్టలు పరిచి దాన్ని తోశాయి. గట్టు మీంచి నాలుగు మీటర్లకే పునాదికి రాయి తగిలింది నాన్నా. రేవు దగ్గరైతే ముప్ఫైకి దిగినా దొరికేది కాదేమో అన్నాడు మిషను మేస్త్రీ. బోరులోంచి వచ్చిన రాతి ముక్కని డీఈ మేడమ్ చేతిలో పెడితే, "ఈ బొమ్మ గీసిన ఇంజినీరు ఎక్కడ పనిచేస్తాడు?" అని అడిగారు. గుజరాత్‌లో అన్నాను.

మొన్న పున్నమికి నీళ్లు కూడా కొలిచాం. నువ్వు చెప్పినట్టే ఏరు పొంగింది. ఆ మట్టానికి పైన ఎత్తు వేసి డిజైన్‌కి పంపాను.

ఊళ్లో ఒకరిద్దరు మాత్రం "సూసినారా, ఇంజినీరమ్మ వంతెనని తన గుమ్మం కాడికి ఈడుసుకుపోనాది" అంటున్నారు. అననీ.

ఇంకో సంగతి ఉంది. అది తర్వాత రాస్తాను.

సిగ్గుపడుతూ, ఎగురుతూ,
నీ ఉమ


వెరావల్,
18 నవంబరు 2022.

అమ్మా ఉమకి,

నీవి రెండు ఉత్తరాలూ ఒకేసారి చేతికొచ్చాయి. తారీఖు చూసి ముందుది ముందు చదివాను. కింద "ఏఈ, ఆర్ అండ్ బి శాఖ" అని ఉంది. పాతికేళ్లలో నాకు అంత చలి ఏ సముద్రం మీదా వేయలేదు.

తప్పు నాదే. ఎత్తు తేలేదాకా పెగ్గులు ఉండనియ్యకు అని రాయాల్సింది, తొందరలో సగమే రాశాను. నీకు రాసి, నీ జవాబు రాకుండానే ఊరికి రాశాను. నా కూతురు ఆఫీసరైందని ఊరూరా చెప్పుకున్నాను గాని, ఆఫీసరని నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

రెండో ఉత్తరం చదువుతుంటే బోటులో పదకొండుమందీ "టంగ్" అని అరిచారు.

ఆ తర్వాత రాస్తానన్న సంగతి నాకు తెలుసులే. జీడితోట మూలన ఎత్తు గట్టు మీద ఉన్నది మన ఇల్లు. ఆ గీత మన వంటింట్లోంచి పోతుంది. నేను గీసిన గీతే కదా, తెలియకుండా ఎలా గీస్తాను? పెన్సిలు అక్కడ కొంచెంసేపు ఆగింది. ఆ ఇల్లు నేను పన్నెండు సీజన్లు ఇక్కడ పనిచేసి కట్టింది. పక్కకి జరిపి గీద్దామా అనుకున్నాను. జరిపితే రాయి ఉండదు. రాయిని నేను జరపలేను కదా.

మీ అమ్మకి నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

నాన్న


పలాస,
20 ఫిబ్రవరి 2023.

నాన్నా,

నీ ఉత్తరం చదివి ఆఫీసు వెనక్కి పోయి ఏడ్చాను. నీకు తెలియదనుకుని, ఎలా చెప్పాలా అని నేను మూడు వారాలు కుమిలిపోయాను!

అమ్మకి చెప్పాను. ఊరికి వినపడేలా అరుస్తుందనుకున్నాను. చేపలు తోముతున్న చెయ్యి ఆపింది. గోడవైపు చూసింది. "ఇల్లు మల్లీ కట్టుకుంతాం. నా వొల్లు మల్లీ కట్టుకోగలనేటి?" అని మళ్లీ తోముకుంది. అంతే నాన్నా.

గీతలో పడే ఇల్లు మనదేనని డీఈ మేడమ్ నా చేత ముందే రాయించుకుని, ఆ చోటు సరైనదో కాదో బయటి ఇంజినీర్ల చేత మళ్లీ చూపించారు. వాళ్లూ అక్కడే అన్నారు. మన ఇల్లే పోతోందని తెలిశాక గుమ్మం మాట అన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. క్షమించమని ఎవరూ అనలేదు. ఒకామె మంచం మోసింది, ఒకామె దూలాలు లెక్కపెట్టి పేర్పించింది. పోలారావు మావ తన కొబ్బరితోటలో చోటిచ్చి, మన పెంకులు ఒక్కటి పగలకుండా దింపించాడు. నలభై రోజుల్లో అక్కడ ఇల్లు లేచింది. నువ్వు జూన్‌లో వస్తే దారి తప్పకు.

నిన్న పని మొదలైంది. మొదటి కంకర లారీ వచ్చినప్పుడు పిల్లలంతా దాని వెంట పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. హెల్మెట్ ఎక్కడో పడిపోయింది.

ఉమ


పలాస,
11 సెప్టెంబరు 2024.

నాన్నా,

అమ్మ బాగుంది. ముందు అది చదువుకో. ఇప్పుడు మిగతాది చెబుతాను, ఊపిరి బిగబట్టుకో.

నువ్వు ఆగస్టులో వెళ్లేసరికి స్లాబు అయిపోయిందిగా. పోయిన వారం లోడ్ టెస్టు పెట్టాం. ఇసక నింపిన లారీలని ఒక రోజంతా వంతెన మీద నిలబెట్టి, ఎంత వంగిందో, దించాక ఎంత తేరుకుందో కొలిచాం. అంకెలన్నీ నేనే రాశాను, బాగా వచ్చాయి. కాని రిపోర్టు మీద పైవాళ్ల సంతకం కావాలి. ఒక పక్క రెయిలింగూ పడలేదు. అందుకని డ్రమ్ములు అడ్డం పెట్టి మూసేశాం.

శుక్రవారం వాయుగుండం పట్టింది. చుట్టుదారిలో కాజ్‌వే మునిగిపోయింది. ఏట్లో పడవ నిలవడం లేదు. శనివారం అమ్మ డయాలసిస్‌కి వెళ్లలేకపోయింది. నిన్న మంగళవారం పొద్దున పోలారావు మావ ఫోను. "మీ అమ్మ పడుకోనేకపోతన్నాది. కూకుంటేనే గాలాడతన్నాది. ఇంకా అయిదుగురున్నారు. మోసుకొత్తామంటే వంతెన మీద గాలికి మనిషి నిలబడనేడమ్మా."

డీఈ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు. "అంకెలు రాసింది నువ్వు. వాటి మీద నీకు నమ్మకం ఉందా?"

"ఉంది మేడమ్."

"మీ అమ్మ ఉందని అంటున్నావా?"

ఒక్క క్షణం ఆలోచించాను నాన్నా, నిజంగా ఆలోచించాను. "లేకపోయినా ఇదే అంటాను."

"అయితే పద, నేనూ వస్తున్నాను."

అంబులెన్సుతో వెళ్లాం. వంతెన దగ్గర డ్రైవరు బాబూరావు బండి ఆపేశాడు. సంతకం లేని వంతెన ఎక్కనన్నాడు. తప్పేముంది? మేడమ్ అతని ట్రిప్ షీటు తీసుకుని, గొడుగు కింద, "ఈ వంతెన మీద బండి దాటించడం మా పూచీ" అని రాసి సంతకం చేశారు. కింద నేనూ చేశాను. డ్రమ్ములు దొర్లించి, ఖాళీ బండిలో ముందు మేమిద్దరం ఎక్కి దాటాం. గాలికి బండి ఊగింది. వంతెన ఊగలేదు!

అవతల ఆరుగురినీ ఎక్కించాం. తిరిగి బయల్దేరబోతే బాబూరావు రెయిలింగు లేని పక్కకి చూసి మళ్లీ ఆగాడు. వెనక నుంచి అమ్మ గొంతు, ఆయాసపడుతూనే:

"నడుపు బాబూ. ఇక్కడ నా ఇల్లుండేది. ఇది నా గడప. నా గడప దాటడానికి నాకేటి బయ్యం?"

నడిపాడు. అరగంటలో పలాస ఆసుపత్రిలో ఉన్నాం. సాయంత్రానికి అమ్మ వెనక్కి వాలి పడుకుంది. లేచి, అన్నంలోకి ఎండుచేప అడిగింది. డాక్టరు వద్దన్నాడని దెబ్బలాడింది.

మేడమ్ మీద, నా మీద మెమో వస్తుందట. రానీ. నా సంతకం ఉన్న కాగితాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ట్రిప్ షీటే.

నీ కూతురు
ఉమ


గవ్వలపేట,
13 జూన్ 2025.

అమ్మా ఉమకి,

చూశావా తిరకాసు. ఇన్నేళ్లూ నేను బయట, నువ్వు ఇక్కడ. ఇప్పుడు నేను ఇంటి దగ్గర కూర్చుని, పార్వతీపురం బదిలీ అయిన నీకు రాస్తున్నాను. మెమోకి జవాబు రాసి గట్టెక్కావట, మీ అమ్మ చెప్పింది. అక్కడి కొండవాగుల మీద నీకు నాలుగు వంతెనలు పడ్డాయట కదా. లంగరు వేయడానికి అక్కడ నీళ్లు చాలవు, ఊళ్లో ముసలాళ్లని అడుగు.

పలాసలో బస్సెక్కి, మన వంతెన మీదుగా వచ్చి, పేట మధ్యలో దిగాను. కండక్టరు "గవ్వలపేట" అని కేకేస్తే దిగడం మర్చిపోయి వింటూ కూర్చున్నాను. మీ అమ్మ ఇప్పుడు తొమ్మిది గంటల బస్సుకి పోయి మూడు గంటల బస్సుకి వచ్చేస్తోంది. సీటు దొరకలేదని కండక్టరుతో రోజూ గొడవట.

మొన్న బుధవారం పున్నమి. పోటు బాగా ఎక్కింది. పోలారావు బావని లేపి, "పద, చూద్దాం" అన్నాను. దేనికో అడగకుండానే తెడ్డు తీశాడు. పడవ వంతెన కిందికి పోయింది. పైన బస్సు పోతున్న చప్పుడు. కింద నీళ్లు నిండుగా ఉన్నాయి. వంతెన తలకి తగులుతుందేమోనని పడవలో లేచి నిల్చున్నాను. తగల్లేదు. చెయ్యి పైకెత్తాను. తగల్లేదు. బావ "పడతావురా" అంటున్నా వినకుండా అడ్డబల్ల మీదికెక్కి, మునివేళ్ల మీద లేచి, తెడ్డు కూడా పైకెత్తాను.

అందలేదమ్మా.

నాన్న